రెండు సెకన్ల హద్దు

పదిహేనేళ్ల పైమాట. లాల్‌దర్వాజాలో ఒక అద్దె ఇంటి మేడ మీద మా ఆఫీసు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. మా టెస్టర్ గౌలిపుర నుంచి నడిచి వచ్చేది. సాఫ్ట్‌వేర్ నుంచి జవాబు సరిగ్గా వస్తే మాకు చాలు. అది ఎంతసేపట్లో వచ్చిందో కూడా ఆమె స్క్రిప్టుతో కొలిపించేది. కౌంటర్ నుంచి అడిగితే రక్తం నిల్వలు చెప్పే ప్రోగ్రాం భాగానికి, అంటే ఏపీఐకి, రెండు సెకన్ల హద్దు పెట్టింది. అది దాటితే టెస్టు ఫెయిల్.

"సగటు ఒకటిన్నరే కదమ్మా," అన్నాను. నేను మేనేజర్ని.

"సగటుకు రక్తం ఎక్కియ్యరు సార్. గీ ఒక్కటి పద్దెనిమిది తీస్కుంది. గప్పుడు కౌంటర్ కాడ ఎవలు ఆగాలె?"

ఎవరు తొందరపెట్టినా ఆమె అడిగేది ఆ ఒక్క మాటే.

"రేపు డెలివరీ. ఆ చెక్ తీసెయ్."

"నేను తియ్య సార్. ఫికర్ మీకుంటే మీరే తియ్యుండ్రి."

ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, ఆమె కంప్యూటర్లోనే రెండును ఇరవై చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. వారం తిరక్కుండానే రక్తం నిల్వల జవాబు రాక ఆసుపత్రి కౌంటర్లో కంప్యూటర్ తెరలు బిగుసుకుపోయాయి. రికార్డులో ఆ మార్పు ఆమె పేరు మీద ఉంది. నేను నోరు విప్పలేదు. క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఉంటుందని ఆమెతో అన్నాడు మా యజమాని.

ఆమె కాగితం అడిగి, నిలబడే రాసింది: "రెండు నేను పెట్టిన. ఇరవై పెట్టినోళ్లే మాఫీ అడగాలె." దాన్ని యజమానికి కాకుండా నా చేతికిచ్చి మెట్లు దిగిపోయింది.

ఆమెది అజాగ్రత్త అని ఇప్పటికీ అనుకునే పాత సహోద్యోగులకు ఇది రాస్తున్నాను. ఆమె కొలత సరైనదే. ఆ ఇరవై పెట్టింది నేను.