మోటారక్క చూపిన నీలిమెరుపు

రేవులో జనాన్ని దాటించే పడవాయనకు తన అక్క చేతుల మీద ఉన్నంత గురి మరి దేనిమీదా లేదు. బావ పోయినప్పటి నుండి మరమ్మతుల షెడ్డును ఆమే నడుపుతున్నది. ఊరంతా ఆమెను మోటారక్క అనే పిలిచేది. యంత్రం ముందు కూర్చున్నదంటే, దాని సొంతదారును నోరు మెదపనివ్వకపోవడం ఆమె నియమం. తన వేళ్ళనే నమ్ముకొనేది.

ఆనాడు పడవాయన మోటారును మోసుకొని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని షెడ్డుకు వచ్చాడు. పడవ వెనుక తగిలించే పాత మోటారు ఉన్నట్టుండి మొండికేసింది. మధ్యాహ్నం రేవు అధికారి తనిఖీకి వస్తాడు. అప్పటికి అది నడవకపోతే రేవు మరొకరి పాలవుతుంది.

"అక్కా, మొన్న నేను దీనికి..."

"నోరు ముయ్యరా. తాడు లాగు."

ఆమె పెట్రోలు గొట్టం తీసి దూరంగా పెట్టింది. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి, ప్లగ్గును తీగకు తగిలించి దాని అంచును ఇంజను ఒంటికి ఆనించింది. వెలుతురులో నిప్పురవ్వ కనబడదు గనుక ఇద్దరి తలల మీదా గోనెపట్టా కప్పింది. పడవాయన తాడు లాగాడు. ఆ చీకటిలో ఏమీ మెరవలేదు.

కొత్త ప్లగ్గు పెట్టింది, లేదు. మోటారును ఆపే మీట తీగను విడదీసింది, లేదు. చక్రం కింద కలిసి విడిపోయే పాయింట్ల నడుమ గట్టి కాగితం జొనిపి తుడిచింది, అయినా లేదు. పడవాయన గోనె తొలగించి పొద్దు వంక చూశాడు.

"అది కాదక్కా, మొన్న..."

"ఇంకో మాటన్నావంటే ఈ పానాతో మూతి పగలగొడతా."

ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ మరలు విప్పి, అది కూర్చునే చోటును తడిమింది. వేలు ఆగిపోయింది.

"ఇక్కడ కూడా రంగేశావా?"

"అధికారి చూస్తాడని అంతా విప్పి మూలమూలకీ వేశా. ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నది అదేగా!"

"కాయిల్ ఒళ్ళు ఇంజను ఒంటికి తగలాలిరా. మధ్యలో రంగు అడ్డం పెడితే కరెంటు ఎట్లా తిరుగుతుంది? మరి ముందే చెప్పొద్దూ?"

"చెప్పనిచ్చావా నువ్వు?"

ఆమె ఫక్కున నవ్వింది. "ఇవ్వలేదులే. గీకు."

ముచ్చటపడి వేసుకున్న రంగును పడవాయన గరుకుకాగితంతో తానే గీకాడు. తెల్లని లోహం బయటపడింది. కాయిల్‌ను బిగించి, మళ్ళీ గోనె కప్పుకొని తాడు లాగాడు.

చిటుక్కుమన్నది. నీలిమెరుపు!

పడవాయన మరింత దగ్గరగా వంగాడు. ఇన్నేళ్ళుగా ఈ మోటారుతో బతికినా దాని ప్రాణాన్ని కంటితో చూడటం ఇదే మొదలు. గోటి కొనంతైనా లేని ఈ వెలుగేనా నిండు పడవను ప్రవాహానికి ఎదురు నడిపించేది! అవసరం లేకున్నా మళ్ళీ లాగాడు, మళ్ళీ లాగాడు. అక్క వారించలేదు. ఆమె కూడా రెప్ప వేయక అటే చూస్తున్నది.

మధ్యాహ్నం అధికారి ఎదుట మోటారు మొదటి లాగుడుకే అందుకున్నది. ఆయన ఒక నిమిషం విని, "రేవు నీకే ఉంటుంది, వెళ్ళిరా" అన్నాడు. జనం ఎక్కారు. పడవ కదిలింది. పడవాయన చూపు మాత్రం వెనుకనున్న మోటారును విడవలేదు.

ఒడ్డు నుండి అక్క కేక వేసింది: "ఒరే, ముందు చూసి నడపరా!"