భీముడి మెడలో గంటలు

1961లో నేను మహబూబ్‌నగర్ దగ్గర ఒక ప్రభుత్వ పశుక్షేత్రంలో స్టాక్‌మన్‌ని. పశువైద్యుడి కింద సూదులు, కట్లు, పశువుల రవాణా నా పని. రోజూ ప్రార్థన చేసుకున్నాకే దొడ్లో అడుగుపెట్టేవాణ్ని. సృష్టికర్త చేతిపని అక్కడ నాకు నిండుగా కనిపించింది భీముడిలో. ఒంగోలు జాతి ఆబోతు. మూపురం నా తలకంటే ఎత్తు. అంత దేహంతోనూ గడ్డి నలగదన్నట్టు నడిచేవాడు.

దూడప్పటి నుంచి వాణ్ని సాకింది ఎల్లయ్య. ఆ ఏడు భీముణ్ని అచ్చంపేట వైపు ఒక ఊరికి బ్రీడింగ్ బుల్‌గా, అంటే ఊరి ఆవులకు మేలుజాతి దూడల కోసం, ఇచ్చారు. లారీ ఎక్కించడానికి ర్యాంప్ వేస్తాం, చెక్కతో చేసిన వాలు. అంత బరువున్న పశువు దానిమీద జారి కాలు విరిగితే ఇక బతకదు. అందుకే ముందునుంచే ర్యాంప్ మీద దాణా పెట్టి అలవాటు చేశాం. రోజూ ఎక్కి, తిని, దిగేవాడు.

ప్రయాణం రోజు మాత్రం ర్యాంప్ ముందు ఆగిపోయాడు.

ఎల్లయ్య అప్పటికే వాణ్ని కడిగి, కొమ్ములకు పసుపు రాసి తెచ్చి, ర్యాంప్ దగ్గర నిలిపి మెడలో గంటల పట్టెడ కట్టాడు.

"ఏందే ఎల్లన్నా, నీ కొడుకు అలిగిండా?" అని డ్రైవర్ ఖాజా నవ్వాడు.

"నిన్నగూడ ఎక్కిండు. నీ లారీ మొఖం నచ్చలేదేమో!"

నలుగురు కూలీలు తాడు లాగారు. నోస్ రింగ్, అంటే ముక్కుకు వేసిన రాగి కడియం, బిగిసి నెత్తురు చిమ్మింది. భీముడు కదల్లేదు.

"తోక మెలిపెట్టుండ్రి, గదే ఎక్కుతది. ఎండెక్కుతాంది," అన్నాడు ఖాజా.

"తోక ముట్టినోని చెయ్యి ఇరుస్త!" అని అరిచాడు ఎల్లయ్య. తర్వాత నావైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు. "సారూ, నన్నిడిసి పోనంటుండు."

నాకూ అలాగే తోచింది. తాడు వదలమని చెప్పి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని దేవుణ్ని దారి అడిగాను. కళ్లు తెరిచి వాణ్నే చూశాను. బెదిరిన పశువు కాళ్లు దగ్గరికి లాక్కుంటుంది, కళ్లు తిప్పుతుంది, పేడ పలచగా వేస్తుంది. భీముడు నాలుగు కాళ్లూ సమంగా ఊని, తల ఎత్తి, తోకైనా ఆడించకుండా నిలబడ్డాడు. ఆ నిలుపు నేను పశువుల ప్రదర్శనలో చూశాను, కొలతలు తీసేటప్పుడు.

"ఎల్లయ్యా, ఈ గంటలు ఎప్పుడు కడతావు?"

"ప్రదర్శనల్నే కడత సారూ. అవి మెడల వడ్డయంటే ఇప్పేదాక కదలొద్దని నేర్పిన గద..." అంటూ ఆగిపోయాడు. "అయ్యో బిడ్డా! నేనే నిలబడుమంటి, నేనే గుంజిపిస్తి!"

గంటలు విప్పగానే భీముడు మెడ విదిలించి, ర్యాంప్ ఎక్కి, దాణాలో మూతి పెట్టాడు.

"యా అల్లా! గింత మాట మీద నిలబడెటోన్ని మనుషులల్ల జూడలే," అన్నాడు ఖాజా.

తనకు కనబడని దేవదూతను చూసి ఆగిన గాడిదను ప్రవక్త కొట్టిన బైబిలు కథ చిన్నప్పటి నుంచి చర్చిలో వింటూనే ఉన్నాను. అది నాకు అర్థమైంది ఆ రోజే. మొండితనమని మేమనుకున్నది విధేయత. ఆ తర్వాత ఏ పశువు మొరాయించినా, తాడు పట్టే ముందు దానికి మనం ఏం నేర్పామో అడిగేవాణ్ని.

ఆ సాయంత్రం ఊళ్లో భీముణ్ని దించాక, జనం ముచ్చటపడితే ఎల్లయ్య మళ్లీ గంటలు కట్టాడు. ఆడవాళ్లు బొట్టు పెట్టారు, పిల్లలు మూపురం తడిమారు. అందరికీ దండం పెట్టి లారీ ఎక్కాం. బండి కదలగానే ఎల్లయ్య "ఆపు, ఆపు!" అంటూ దూకి వెనక్కి పరుగెత్తాడు.

నాలుగడుగుల దూరంలో నీళ్ల తొట్టి ఉంది. దినమంతా ప్రయాణం చేసిన భీముడు దానివైపు చూస్తూ, నాలుగు కాళ్లూ సమంగా ఊని, అలాగే నిలబడి ఉన్నాడు.