చూడకుండా రాసిన సమీక్ష

ఒహాయోలో ఓ చిన్న ఊరి పత్రికకి పదకొండేళ్లుగా సినిమా సమీక్షలు రాసేది మార్జరీ కెల్సో. ఏ కొత్త బొమ్మయినా పట్నంలో ఆడిన నెలన్నరకి గానీ ఆ ఊరికి రాదు. ఈలోగా పెద్ద పత్రికలు రాసినవన్నీ కత్తిరించి పెట్టుకుని, ఒక్కోదాన్నుంచి ఒక ముక్క ఏరుకుని, సగం సినిమాలకి హాలు మొహం చూడకుండానే సమీక్ష కానిచ్చేసేది. ఎవరడగొచ్చారు గనక!

ఎనభయ్యో సంవత్సరం నవంబరులో ఆ ఊరికి వచ్చిన ఓ సినిమాకి విమర్శకులు ముక్తకంఠంతో జేజేలు కొట్టారు. అందులో పట్నం శివార్లలో ముచ్చటైన ఇల్లు, కొడుకు పోయిన కుటుంబం, కంటతడి పెట్టని తల్లి. ఆ తల్లిని మాత్రం అందరూ కలిసి చీల్చి చెండాడారు. మార్జరీ వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. "కొడుకు పోయినా కంచాలు పొందిగ్గా సర్దుకునే ఈవిడకంటే బండరాయి నయం" అని రాసి, నాలుగు స్టార్లిచ్చింది.

"అబ్బ, ఏం దులిపేశావమ్మా!" అన్నాడు సంపాదకుడు హబర్డ్.

ఆమెకేమీ అనిపించలేదు. కొడుకు కెన్నీ కారు ప్రమాదంలో పోయి పధ్నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ ఏదీ అనిపించడం లేదు. పాతిపెట్టిన మర్నాడే, ఇరుగుపొరుగులు వండి తెచ్చిన గిన్నెలన్నీ తోమి, అడుగున అంటించిన పేర్లు చూసి ఎవరివి వాళ్లకి ఇచ్చి వచ్చింది. ఆమె ఒక్కసారి ఏడిస్తే చాలని భర్త రస్సెల్ చూసి చూసి విసిగిపోయాడు. శనివారం అన్నగారింటికి వెళ్లిపోతానని పెట్టె కూడా సర్దుకున్నాడు.

శుక్రవారం సమీక్ష అచ్చయింది. సాయంత్రం ఆమె బల్ల మీద కంచాలు పెడుతుంటే రస్సెల్ పత్రిక పట్టుకుని వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పొద్దున ఇది చదివి, మధ్యాహ్నం ఆటకి వెళ్లొచ్చాను మార్జీ. తెర మీద నువ్వే కనిపించావు. నీ గురించి నువ్వే ఇంత కటువుగా రాసుకున్నావా, పిచ్చిమొహమా? నాతో ఒక్క ముక్క చెప్తే పోయేదిగా! నేనెక్కడికీ వెళ్లన్లే."

అవునంటే చాలు, మనిషి ఇంట్లో ఉంటాడు. పదకొండేళ్లు ఊరందరికీ అబద్ధం చెప్పిన మనిషికి, ఖర్మ, ఆ ఒక్క అబద్ధం నోట రాలేదు.

"నేనా సినిమా చూడలేదు రస్. వాళ్లూ వీళ్లూ రాసింది చూసి రాశాను."

రస్సెల్ పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, మేడెక్కి పెట్టె తెచ్చుకున్నాడు. శనివారం దాకా ఆగలేదు.

కారు వెళ్లిపోయిన చప్పుడు విన్నాక మార్జరీ రెండు కంచాల్లో ఒకటి తీసి, తుడిచి, అలమరలో పొందిగ్గా సర్దింది.