మంద నిన్న ఉన్న జాగా

పొద్దున లేవగానే ఫోన్ తీసి ఎవరి గొర్రెలు ఎక్కడున్నాయో చూసుకోవడం నాకు అలవాటైంది. నాకైతే ఒక్క గొర్రె కూడా లేదు. నల్లగొండలో పత్రిక డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేసి మానేసినవాణ్ని. గొర్రెల రోగాల మీద ఒకసారి వరుసగా రాసినప్పుడు పరిచయమైన కాపరులు వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటూ, నాలుగు ముక్కలు రాయడం వచ్చినవాడినని నన్ను అడ్మిన్ చేశారు. మోత్కూర్ నుంచి అమ్రాబాద్ అడవి అంచు దాకా మందలు తోలుకునేవాళ్లు అందులో ఉన్నారు. కోతలయ్యాక మందలు ఊళ్లు దాటిపోతాయి. ఒకే మెట్ట చెలకలోకి రెండు మందలు దిగకుండా, నీళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలిసేలా, ఎవరి మంద ఉన్న జాగా వాళ్లు పొద్దున్నే చెప్పాలి. మాకున్న నియమం అదొక్కటే. చాలామంది రాయరు, వాయిస్ పెడతారు. మాటల వెనక గొర్రెల అరుపులు వినిపిస్తుంటాయి.

ఈ ఏడాది మోత్కూర్ వైపు నుంచి ఒకామె గ్రూపులో చేరింది. భర్త కాలు విరిగి ఇంటి దగ్గర ఉండటంతో మందను తనే తోలుకుని కట్టంగూర్ దాకా వచ్చింది. టీకా వేయించిన వారానికి ఆమె గొర్రెపిల్లలు వరసగా చచ్చిపోయాయి. ఖాళీ సీసా ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. గడువు ఎప్పుడో దాటిపోయిన మందు. అమ్మినాయన పేరు ఆమె చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. మోటార్ సైకిల్ మీద మందల దగ్గరికి మందులు తెచ్చే ఆయన కూడా మా గ్రూపులోనే ఉన్నాడు.

మరునాడు ఆమె తన జాగా చెప్పిన కాసేపటికి ఆయన వాయిస్ వచ్చింది. గొంతు పెంచలేదు.

"అక్కా, నీ మంద గిప్పుడు ఏ చెలకల ఉన్నదో నాకు ఎర్కే. పగటీలి ఒక్కదానివే ఉంటవు గదా. జర పైలం."

రెండుసార్లు విన్నాను. తర్వాత నా చేతికి తెలిసిన పని నా చెయ్యి చేసింది. డెస్కు మీద అలాంటి మాట కనిపిస్తే కొట్టేసేవాణ్ని. అచ్చు కానిది ఎవరినీ ఏమీ చేయదని నమ్మకం. వాయిస్ తొలగించాను. ఆయన్నీ గ్రూపులోంచి తీసేశాను. మర్యాద గురించి రెండు వాక్యాలు రాశాను. వాటి కింద బొటనవేళ్లు లేచాయి. చాయ్ తాగాను.

మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. అంతకుముందు మేం నేరుగా మాట్లాడుకున్నది లేదు.

"సారూ, గా మాట తీసేసినవా?"

తీసేశానని, ఆయన్ని కూడా తీసేశానని చెప్పాను.

"ఠాణాల కూసున్న. వినిపియ్యమంటున్నరు. ఏం వినిపియ్యాలె?"

ఫోన్ తెరిచి చూశాను. అడ్మిన్ తొలగించారన్న ఒక్క వరుస మిగిలింది. గ్రూపులో ఉంది కదా అని ఆమె దాచుకోలేదు. ఎవరి దగ్గరన్నా ఉందా అని గ్రూపులో అడిగాను. లేదు. దానికి బదులు సుద్దులు వచ్చాయి. ముందుగా ఫొటో పెట్టడమే తప్పన్నారొకరు. పిలవంగనే వచ్చే మనిషితో గొడవెందుకన్నారు ఇంకొకరు. ఆ వాయిస్ విన్నవాళ్లు ఎవరైనా వచ్చి సాక్ష్యం చెబుతారా అని రాశాను. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. చాలాసేపటికి అమ్రాబాద్ వైపు నుంచి ఒక ముసలి కాపరి గొంతు వచ్చింది.

"తోడేలు గూడ గింత మర్యాదగ అక్కా అని పిలువది. నేను విన్న. యాడికి రావాలె బిడ్డా?"

ఆయన మర్నాడు రెండు బస్సులు మారి కట్టంగూర్ ఠాణాకు వచ్చాడు, నేనూ వెళ్లాను. బొటనవేలు లేపినవాళ్లలో ఇంకెవరూ రాలేదు. ఆ వాయిస్‌లో నేను విన్న మాటలు ఠాణాలో కాగితం మీద రాశాను. వాటిని నేనే చెరిపేశానని కూడా రాసి సంతకం పెట్టాను. ఎస్సై చదివి, ఎందుకు తీసేశారని అడిగాడు. గొడవ ఆగిపోతుందనుకున్నానన్నాను. ఆయన తలెత్తి చూసి, మళ్లీ కాగితంలోకి చూశాడు. ఆ సాయంత్రమే మందులాయన్ని పిలిపించి, ఇక ఆమె జోలికి రానని రాయించుకున్నారు.

బయటికొచ్చాక, ఇక ఫికర్ లేదు, ఆయన గ్రూపులో లేడు కదా అన్నాను. ఆమె నా వంక కాస్త జాలిగా చూసిందనిపించింది.

"ఆయన లేడు సారూ. ఆయన దోస్తులు గాడనే ఉన్నరు. పొద్దుగాల నా జాగా చెప్తే ఆయన చెవుల వడదా?"

అయితే నువ్వు చెప్పకమ్మా అన్నాను.

"నేనొక్కదాన్నే చెప్పకుంటే భయపడ్డదంటరు. అందరు నిన్నటి జాగా చెప్పాలె. ఇయ్యాల్టిది ఎవ్వరు చెప్పొద్దు."

అదే నియమం పెట్టాను. నాలుగు రోజులకే రెండు మందలు ఒకే కుంట దగ్గర కలిసిపోయి, విడదీసేసరికి సగం రోజు పోయింది. ఒక్కదాని కోసం అందరూ తిప్పలు పడాలా అని ఒకతను నన్ను తిట్టి గ్రూపు వదిలిపోయాడు. తిట్టింది పూర్తిగా తప్పు కాదు. అయినా నియమం మార్చలేదు. ఆ తిట్లను కూడా తొలగించలేదు. ఇప్పుడు దేన్నీ తొలగించను.

నిన్న జరిగింది పొద్దున్నే జనానికి అందించడమే జీవితమంతా నేను చేసిన పని. అది ఆలస్యమని ఏనాడూ అనిపించలేదు. ఇవాళ ఆమె వాయిస్ మామూలు కన్నా ఆలస్యంగా వచ్చింది. నిన్న వాగు ఒడ్డున ఉన్నామని, మిగిలిన గొర్రెపిల్లలు బాగానే ఉన్నాయని చెప్పింది. వెనక గొర్రెల అరుపులు. నిన్న బాగానే ఉందని ఇవాళ తెలిసింది. ఇవాళ ఎలా ఉందో రేపు పొద్దున తెలుస్తుంది. ఫోన్ బల్ల మీద పెట్టి లోపలికి పోతాను, మళ్లీ వచ్చి చూస్తాను.