కొల్లేటి ల్యాబ్‌కి నేను పెట్టిన కాపలా

కొల్లేటి చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఒక ఉదయం వెళ్లేసరికి రిపోర్టు ఒక్కటీ తెరుచుకోలేదు. నెట్‌లోంచి ఎవరో చొరబడి అన్నిటికీ తాళం వేసేశారు. కంప్యూటర్లు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. నీళ్ల సీసాలతో గుమ్మంలో నిలబడ్డ రైతులకు ఏం చెప్పాలో తెలియక నాకు ఏడుపొచ్చింది.

బయటి నెట్‌కీ మా కంప్యూటర్లకీ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ మాకు లేదు. మూలనున్న పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సిస్టమ్ వేసి నేనే ఒకటి తయారుచేస్తానన్నాను. ల్యాబ్ నడిపే మేడమ్ సందేహించారు.

"ఊరికే వచ్చేదాన్ని ఎలా నమ్ముతామమ్మా?"

"లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చండీ. అందుకే నమ్ముతున్నాను."

ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి, తాడేపల్లిగూడెంలో నాకు చదువు చెప్పిన మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఏ సిస్టమ్ గొప్పదని అడిగాను.

"గొప్పది ఎందుకమ్మా? తప్పు జరిగితే నువ్వు చదివి దిద్దుకోగలిగేది చూసుకో" అన్నారు.

మూడింటిని ఒక్కో వారం నడిపి చూశాను. మొదటిదాంట్లో ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో నాకు అంతుపట్టలేదు. రెండోది బాగుంది గాని మా పాత మెషీన్‌కి బరువైపోయింది. మూడోది బీఎస్‌డీ అనే పాతకాలపు ఓపెన్ సోర్స్ రకం. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. కానీ నియమాలన్నీ ఒక్క పేజీలో ఉన్నాయి: ముందు అన్ని దారులూ మూసెయ్యి, తర్వాత కావలసినవి తెరువు. దాన్నే ఎంచుకున్నాను.

పెట్టిన రోజే మా రిపోర్టులు కూడా బయటికి వెళ్లలేదు. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నియమాల పేజీ మొత్తం మళ్లీ చదివాను. రిపోర్టులకు దారి తెరిచే లైను మర్చిపోయాను. రాశాను. వెళ్లాయి!

కొన్నాళ్లకు, ముసురు పట్టిన ఒక ఉదయం, చేపలు పైకి తేలుతున్నాయని ఒక రైతు సీసా పంపించి, తను గట్టు మీదే ఉండిపోయాడు. ఆ నీళ్ల పరీక్ష పూర్తవుతుండగా నేను ఫైర్‌వాల్ తెర చూశాను. మొదటిసారి చొరబడ్డ దారినే ఎవరో మళ్లీ మళ్లీ తడుతున్నారు. ప్రతి లైన్లోనూ "బ్లాక్" అనే పడుతోంది.

"మేడమ్, ఒక్కసారి రండి!" అని అరిచాను.

ఆవిడ చూస్తుండగానే పక్క కంప్యూటర్‌లోంచి రిపోర్టు రైతు ఫోన్‌కి వెళ్లింది. అమ్మోనియా పెరిగిందని తెలిసి, అతను మేత ఆపి కొత్త నీరు పెట్టించాడు. చేపలు దక్కాయి.

ఆ వారమే సంగతి విని ఏలూరు నుంచి మరో ల్యాబ్‌వాళ్లు ఫోన్ చేసి, మా ల్యాబ్‌కి ఫైర్‌వాల్ పెట్టింది ఏ కంపెనీ అని అడిగారు.

"కంపెనీ కాదండీ, మా అమ్మాయే పెట్టింది. మాట్లాడండి" అంటూ మేడమ్ ఫోన్ నా చేతికిచ్చారు.