గ్లాసు అడుగున రాగిజావ

పక్షవాతంతో నా భార్యకు మాటతో పాటు మింగడమూ పోయింది. మదనపల్లె ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, మింగడం నేర్పించే అమ్మాయి గట్టిగా చెప్పింది. పలచనివేవీ నోట్లో పోయకూడదు, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లయినా పాలయినా ఒక పొడి కలిపి, చెంచా వంచితే ముద్దగా జారేంత చిక్కగా చేసి ఇవ్వాలి.

ఆ పొడి మా పుంగనూరులో దొరకలేదు. మదనపల్లెలో తెచ్చిన డబ్బా వారం కూడా రాలేదు. ఆ ధరకు మా ఇంటికి నెలకు సరిపడా రాగిపిండి వస్తుంది. రెండో డబ్బా అడుగంటిన రోజు కుప్పం నుంచి మా చెల్లెలు రాగిపిండి సంచితో దిగింది.

"యాలన్నా ఆ డబ్బా? వదినకు కావాల్సింది చిక్కగా ఉండేదే కదా. రాగిజావ కంటే చిక్కంది యాడుండాది?"

"ఆ పొడే కలపమనిందమ్మా ఆసుపత్రి అమ్మాయి."

"ఆయమ్మకేం, చెప్పేసి పోతాది. కొనేది నువ్వు. సైన్సు అయివారివి కదా, నువ్వే సూసి చెప్పు."

చూశాను. పొడి కలిపిన నీళ్లు ఒక గ్లాసులో, జావ ఒక గ్లాసులో పోసి చెంచాలు ముంచి వంచాను. జారడంలో తేడా కనిపించలేదు. "జావ, పొడి సమానం. పైగా బలం. డబ్బా మానేయవచ్చు" అని డైరీలో రాసి కింద గీత గీశాను. చెల్లెలిని తప్పుపట్టలేను. ఆమె ప్రేమతో చెప్పింది. పరీక్ష చేసి సరే అన్నది నేను.

రోజుకు మూడుసార్లు తాగించేవాణ్ణి. గ్లాసు జావకు అరగంట పట్టేది. చెంచా ఆమె నోట్లో పెట్టడం, మింగేదాకా ఆగడం, అదే చెంచా మళ్లీ గ్లాసులో ముంచడం. వేళ, ఎంత తాగింది, దగ్గు వచ్చిందా, అన్నీ డైరీలో రాసేవాణ్ణి. గ్లాసు ముప్పావు అయ్యేసరికి ఆమె మొహం తిప్పుకునేది. ఎడమచేత్తో నా మణికట్టు నెట్టేది.

"ఇంక నాలుగు చెంచాలే. పారబోసేదానికి కాస్తిమా?" అని కసిరేవాణ్ణి. మొండితనం అనుకున్నాను.

మూడో వారంలో జ్వరం వచ్చింది. ఊపిరి గురగురమంది. మళ్లీ మదనపల్లె తీసుకుపోయాను. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ఆ ఆసుపత్రి రోజుల ఖర్చుతో ఎన్ని డబ్బాలు వచ్చేవో నేను లెక్కవేయలేదు. లెక్క వేయకుండా వదిలేసింది జీవితంలో అదొక్కటే.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

"ఏమిస్తాండారు సార్?"

"రాగిజావ. బాగా చిక్కగా."

"దగ్గు ఎప్పుడొస్తాంది? మొదట్లోనా, చివర్లోనా?"

డైరీ తెరిచాను. నా గుండ్రటి చేతిరాతతో ప్రతి పేజీలోనూ ఉంది: "చివరి చెంచాల్లో దగ్గు." రోజూ రాశాను. ఒక్కరోజూ వెనక్కి తిప్పి చదవలేదు.

"నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ గ్లాసులో ముంచుతాండారా?"

"అవునమ్మా."

"ఎంగిలి తగిలితే జావ పలచబడిపోతాది సార్. మీరు కాసినప్పుడు చూసినారు, అడుగున చూడలేదు. మీకిచ్చిన పొడి జిగురు రకం, ఎంగిలికి కరగదు. అందుకే ఆ రేటు." కోప్పడలేదు. డైరీ చూస్తూ అడిగింది, "మీరేం చేసి రిటైరయినారు సార్?"

"హైస్కూల్లో" అన్నాను. ఏ సబ్జెక్టో చెప్పలేదు. ఏటేటా పిల్లల చేత గుప్పెడు అటుకులు నమిలించి, తియ్యబడే దాకా ఆగమని, పిండిపదార్థాన్ని లాలాజలం ఏం చేస్తుందో చెప్పినవాణ్ణి.

నేను పాఠంగా చెప్పినదాన్ని మా ఇంట్లో ఆచారంగా పాటించింది ఆమె. తిన్న చెంచా గిన్నెలో పెడితే ఊరుకునేది కాదు. గ్లాసు ఎత్తి పోసుకోవాల్సిందే, పెదవి తగలకూడదు. ఆమెకు మాట పోయాక ఆమె నోటి ఎంగిలే ఆమె గ్లాసులో రోజుకు మూడుసార్లు కలిపాను. ఆ చెయ్యి నెట్టింది గొంతుకు అడ్డం పడుతోందనో, ఎంగిలి వద్దనో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు.

ఇంటికి పంపుతారని నాలుగు డబ్బాలు కొని పెట్టుకున్నాను. పంపేముందు, ఇక నోటితో ఏమీ వద్దని ముక్కులో గొట్టం వేశారు. డబ్బాలు మూత తీయకుండానే అలమరలో ఉన్నాయి.

చెల్లెలు ఫోన్లో అడిగింది: "జావ పోస్తాండావా అన్నా?"

"పోస్తాండానమ్మా. పలచగా, వడకట్టి."

గొట్టానికి పలచగానే ఉండాలట. జావ గ్లాసు తీసుకుని మంచం దగ్గరికి పోతే ఆమె ఇంకా నోరు తెరుస్తుంది.