సేట్ ఎడమ చేయి

బొమ్మల కథ మళ్లీ వేద్దామని అడిగినప్పుడు మా పత్రిక యజమాని ఒకే ఒక షరతు పెట్టాడు.

"ఒక్క మనిషి వచ్చి గిదేందని అడిగినా, ఆ దినమే బంద్. మళ్ల నా దగ్గరికి వచ్చి బతిలాడొద్దు."

మాది శాలిబండలోని ఒక చిన్న వారపత్రిక. నల్లా నీళ్లు, రోడ్డు గుంతలు, దుకాణాల ప్రకటనలు, అంతే. డెబ్బైల మొదట్లో అందులో వారం వారం మూడు గడుల బొమ్మల కథ వచ్చేది. బొమ్మను బ్లాకులు చేసే దుకాణానికి పంపితే, వాళ్లు జింకు పలక మీద దింపి ఇచ్చేవారు. ఆ ఖర్చు మోయలేనని యజమాని ఆపేశాడు. చదివేవాళ్లు కొన్నాళ్లు అడిగి మరిచిపోయారు.

మరిచిపోనివాళ్లు ఇద్దరు, ఆ బొమ్మలు గీసినవాళ్లే. ఒకడు దబీర్‌పురా స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే గుమాస్తా. మనుషుల ముఖాలు కిటికీలోంచి చూసి చూసి, ఎవరినైనా నాలుగు గీతల్లో దించేవాడు. రెండోవాడు దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. నేను అదే పత్రికలో పేజీలు పేర్చేవాణ్ణి. చేతిరాత కాగితం చూసి అది అచ్చులో ఎంత చోటు తింటుందో ముందే చెప్పడం నా పని. ఆ లెక్క నాకెవరూ నేర్పలేదు. కొలిచి, తప్పి, మళ్లీ కొలిచి పట్టుకున్నదే.

జింకు పలక లేకుండా బొమ్మ వేసే దారి పెయింటరు కనిపెట్టాడు. నేలమీద పరిచే లినోలియం ముక్కల మీద బొమ్మ దింపి, ఉలితో చెక్కి, చెక్కకు అతికిస్తాడు. నేను ఆ చెక్క అడుగున కాగితం ముక్కలు పెట్టి, అక్షరాల ఎత్తుకు సమానం చేస్తాను. ఒక్కో గడికి ఒక్కో ముక్క. మాటలు చెక్కడం కష్టం కాబట్టి వాటిని బొమ్మ కింద అక్షరాలతో పేర్చాలని నేనే లెక్క కట్టి చెప్పాను. యజమాని ఎత్తు చూశాడు, చోటు చూశాడు, ఖర్చు అడిగాడు, సరేనన్నాడు.

మొదటి కథకు మా వీధి మలుపులో ఉన్న హోటల్ సేట్‌నే తీసుకున్నారు. ఆయన నోరు ఎంత గట్టిదో చెయ్యి అంత మెత్తన. మొదటి గడిలో ఉద్దెర అడిగినవాణ్ణి కసురుతాడు. రెండో గడిలో చాయ్ పోసే మనిషిని తిడతాడు. మూడో గడిలో గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలమ్మకు రొట్టె ఇస్తూ, ఎవరైనా చూశారా అని అటు తిరిగి చూస్తాడు. టోపీ, పొట్ట, చెంప మీద పుట్టుమచ్చ, పేరు రాయనక్కర లేకుండా ఆయనే.

శుక్రవారం పొద్దున పత్రిక హోటల్‌కు చేరేసరికి మేం ముగ్గురం ఓ మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాం, నవ్వులు విందామని. ఎదుటి బల్ల దగ్గర ఒకాయన చదివాడు. నవ్వబోయి ఆగాడు. పక్కాయనకు పత్రిక జరిపి వేలితో చూపించాడు. పక్కాయన గల్లా వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి కింద పెట్టాడు. ఆ మడిచిన పత్రిక ఇంకో బల్ల మీదికి వెళ్లింది. అక్కడా మాటలు ఆగిపోయాయి.

నేను మా కాపీ తీశాను. గడులు సమానంగా ఉన్నాయి, గీతలు విరగలేదు, సిరా సరిగ్గా పట్టింది. నాకేమీ కనిపించలేదు. కనిపెట్టింది పెయింటరు.

"అన్నా, చెయ్యి చూడు," అన్నాడు గొంతు తగ్గించి.

మూడో గడిలో సేట్ ఎడమ చేత్తో రొట్టె ఇస్తున్నాడు.

గుమాస్తా గీసింది కుడి చెయ్యే. పెయింటరు చెక్కిందీ కుడి చెయ్యే. అచ్చులో తిరగబడింది. మేం వాడే అక్షరాలు పోతపోసేటప్పుడే తిరగేసి ఉంటాయి. జింకు పలకలను దుకాణం వాళ్లు తిరగేసి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పని ఎవరిదన్నది మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. బొమ్మలో మాటలుంటే మొదటి నమూనాలోనే తిరగబడి పట్టుబడేవి.

దానం ఎడమ చేత్తో. అదీ శుక్రవారం, జుమ్మా నమాజు నాటి పత్రికలో. ఆయన హోటల్లోనే.

"నేను పోయి చెప్తా," అని గుమాస్తా లేవబోయాడు.

పెయింటరు అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "గీసింది హిందువని తెలిస్తే మాట వేరే తిరుగుతది భాయ్. చెక్కింది నేను, సేట్ పక్కన నమాజ్ చేసేటోణ్ణి. నేను పోతా."

అంతలోనే పత్రిక గల్లా మీదికి చేరింది. సేట్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గోడవార నిలబడ్డ నలుగురు పడుచువాళ్లు గల్లా దగ్గరికి జరిగారు.

"ఎవరిదిది?" అన్నాడు సేట్.

పెయింటరు లేచాడు. అతని వెనకే గుమాస్తా లేచాడు. ఇద్దరూ లేచాక నేను కూర్చోవడం కుదరలేదు. మేం గల్లా చేరేలోపే మా యజమాని గుమ్మంలో కనిపించాడు. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు.

"సేట్, మాఫ్ చెయ్యి. గీ బొమ్మలు ఇయ్యాల్టితోని బంద్. నా జబాన్ ఇస్తున్న."

సేట్ ఇంకా ఏమీ అడగనేలేదు. మా బొమ్మల కథ మాత్రం అప్పుడే చచ్చిపోయింది. నాకు ఏం తోచిందో, గోడకున్న పెద్ద అద్దం దగ్గరికి పత్రిక పట్టుకెళ్లి ఎత్తి చూపాను.

"సేట్, ఒక్కసారి ఇటు చూడున్రి. మీ పుట్టుమచ్చ ఏ చెంపకుంది? కాగితం మీద ఏ చెంపకుంది? అంగీ జేబు కూడా అటు పోయింది. అద్దంల చూస్తే అన్నీ సరిగ్గున్నయ్. అచ్చు తిప్పేసింది, మనిషి కాదు."

ఆయన అద్దంలోకి చూశాడు, తన చెంప తడుముకున్నాడు, మళ్లీ అద్దంలోకి చూశాడు.

"సమజైంది. మరి గీ అద్దం ఇంటింటికి మోస్తవా నువ్వు?"

ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. నేను పత్రిక దించాను.

"గందుకే సేట్, బంద్ అంటున్న," అన్నాడు యజమాని.

"బంద్ చేస్తే ఎట్ల? బంద్ చేస్తే నా ఎడమ చెయ్యే ఉండిపోతది అందరి దిమాగ్‌ల. వచ్చే జుమ్మాకు గిదే బొమ్మ, కుడి చెయ్యి. అప్పటిదాంక నీ ప్రకటన పైసలు నా దగ్గర్నే ఉంటయ్."

ఆ వారం యజమాని ఒక్క మాట తేల్చాడు, "కుడి చెయ్యి వచ్చినంక మీ దారి మీది." గుమాస్తా పల్చటి నూనె కాగితం మీద బొమ్మ ఎత్తాడు. దాన్ని తిరగేసి పెయింటరు చెక్కాడు. చెక్కిన ముక్క చూడటానికి యజమాని వచ్చాడు. దాని మీద సేట్ ఎడమ చేత్తో రొట్టె ఇస్తున్నాడు.

"మళ్ల ఎడమనే చేసిన్రా?"

అచ్చులో కుడి అవుతుందని మా ముగ్గురికీ తెలుసు. అయినా సిరా పూసి కాగితం అద్ది ఎత్తేదాకా ముగ్గురం ఆ ముక్క మీదికే వంగి ఉన్నాం. ఎత్తాక యజమాని తన చెయ్యి చాచి బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత అచ్చు వేసే మనిషిని పిలిచి అతని చెయ్యి కూడా పెట్టించాడు.

శుక్రవారం యజమాని కూడా మాతోపాటు హోటల్‌కు వచ్చాడు. సేట్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మూడో గడి చూశాడు. మొదటికి వెళ్లాడు. మళ్లీ మూడోదానికి వచ్చాడు. గుమాస్తా చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"నా పొట్ట గింత ఉన్నదా?"

"పోయినసారి గూడ గింతనే ఉండె సేట్," అన్నాడు గుమాస్తా.

"పోయినసారి నేను చెయ్యే చూసిన."

ఈసారి నవ్వు ఏ బల్ల దగ్గరా ఆగలేదు. సేట్ నవ్వలేదు. పత్రిక మడిచి మా యజమాని వైపు చూపించాడు.

"నన్నొక్కణ్ణే గీస్తే ఎట్ల? వచ్చే జుమ్మాకు ఈయన పొట్ట గియ్యున్రి. అప్పుడు బరాబర్ అయితది."

యజమాని ముఖం గంటుపెట్టుకుని, సేట్ గల్లాలోంచి తీసిచ్చిన ప్రకటన పైసలు జేబులో వేసుకున్నాడు. బయటికి వచ్చి సగం గల్లీ నడిచాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగాడు.

"నా పొట్టకు ఎంత జాగ కావాలె?"